హెచ్‌ఐవీ మందులు వాడుతూ బిడ్డను కనాలనుకుంటే ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వాడితే పిల్లలు పుట్టరన్న మాట ఇంకా చాలామంది నోట వినిపిస్తోంది. అది తప్పు. గర్భధారణను దెబ్బతీసేది మందు కాదు, మందు లేకుండా వదిలేసిన వైరస్. సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) పడిపోయి, ఒళ్లు తగ్గిపోయి, రక్తం తక్కువైనప్పుడు నెలసరి గతి తప్పుతుంది, కొన్ని నెలలు అండమే విడుదల కాదు. రోగనిరోధక శక్తి తగ్గిన ఒంట్లో క్షయ, సుఖవ్యాధులు కటి భాగానికి పాకి, అండం గర్భాశయానికి చేరే ట్యూబులు మూసుకుపోయేలా చేస్తాయి. మందులు మొదలుపెట్టి, అవి సరిగ్గా పనిచేస్తుంటే బరువు, నెలసరి దారిలో పడతాయి, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. అప్పటికే మూసుకుపోయిన ట్యూబులను మాత్రం మాత్రలు తెరవలేవు. అందుకే చికిత్స ఎంత త్వరగా మొదలైతే సంతానానికి అంత మేలు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం దీనివల్లే జరుగుతోంది. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనన్న భయంతో, ఎవరికీ చెప్పకుండా, గర్భం కోసం ప్రయత్నించే రోజుల్లో మాత్రలు ఆపేసేవారున్నారు. ఆపిన కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పైకి లేస్తుంది. దాంతో భర్తకూ, కడుపులో పడబోయే బిడ్డకూ ప్రమాదం తిరిగొస్తుంది. కింద చెప్పిన మెట్లలో దేన్నైనా కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు కానీ, మాత్ర మాత్రం ఒక్క రోజూ ఆగకూడదు.

1. ముందు వైరల్ లోడ్ రిపోర్టు చేతికి తెచ్చుకోండి

మొదట చూడాల్సింది సీడీ4 కాదు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క. సీడీ4 మీ ఒంటి బలాన్ని చెబుతుంది. వైరల్ లోడ్ మాత్రం వైరస్ మీ నుంచి ఇంకొకరికి పోగలదా లేదా అన్నది చెబుతుంది. రక్తం మిల్లీలీటరుకు 200 వైరస్ కాపీల కంటే తక్కువగా ఉండి, అలాగే నిలబడితే కండోమ్ లేని కలయికలో కూడా భాగస్వామికి వైరస్ సోకదు. ఇది ఊహించి చెప్పే మాట కాదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటల మీద ఏళ్ల తరబడి జరిగిన హెచ్‌పీటీఎన్ 052, పార్ట్‌నర్ అధ్యయనాల్లో, వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ బయటపడలేదు.

బిడ్డ కోసం ప్రయత్నించేటప్పుడు మాత్రం ఇంకాస్త గట్టి లెక్క పెట్టుకోండి. కనీసం మూడు నెలల తేడాతో చేసిన రెండు పరీక్షల్లోనూ వైరస్ కనిపించని స్థాయిలో, అంటే 50 కంటే తక్కువ ఉండాలి. చికిత్స మొదలుపెట్టి ఆరు నెలలు దాటడం మంచిది. డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు కలిసిన మాత్రలతో చాలామందికి మూడు నెలల్లోపే వైరస్ కనిపించని స్థాయికి దిగుతుంది. కానీ దిగడం ఒకటి, అక్కడే నిలవడం ఇంకొకటి. పోయినేడాది రిపోర్టు చూసుకుని ధైర్యపడకండి. మధ్యలో మాత్రలు ఎన్నిసార్లు మరిచారో మీకే తెలుసు, పరీక్ష కొత్తగా చేయించుకోండి.

లోడ్ 1000 దాటి వస్తే కంగారుపడి వెంటనే మందు మార్చమని అడగకండి. చాలాసార్లు కారణం మాత్రలు తప్పడమే. కొన్నిసార్లు కాల్షియం, యాంటాసిడ్ లాంటివి మందును అడ్డుకోవడం. ముందు అవి సరిచేసుకుని మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ ఎక్కువగానే ఉంటే మందు మార్చే ఆలోచన డాక్టర్ చేస్తారు. అప్పటిదాకా కండోమ్, గర్భనిరోధకం రెండూ కొనసాగించండి.

ఈ సంఖ్య మీద ఇంత పట్టుదల ఎందుకంటే, బిడ్డ భవిష్యత్తు దాని మీదే ఆధారపడి ఉంది. ఏ మందూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. ఫ్రాన్స్‌లో 2015లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో, గర్భం రాకముందే మందులు మొదలుపెట్టి, కాన్పు వరకు లోడ్ 50 లోపు ఉంచుకుని, తల్లిపాలు ఇవ్వని 2651 మంది స్త్రీల బిడ్డల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదు. గర్భం వచ్చాక మందు మొదలుపెట్టడం కంటే, ముందే మొదలుపెట్టి అదుపులో ఉంచుకోవడం ఎంత మేలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

2. వాడుతున్న మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి

ఏఆర్‌టీ ఒక్కటే కాదు. బీపీ, షుగర్, మూర్ఛ, క్షయ, థైరాయిడ్, గ్యాస్ మాత్రలు, నాటు మందులు, బలం పొడులు, అన్నీ రాయండి.

టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన టీఎల్‌డీ మాత్ర వాడుతుంటే గర్భం కోసం దాన్ని మార్చాల్సిన పనిలేదు. దీని మీద పాత భయం ఒకటి ఇంకా తిరుగుతోంది. 2018లో బోట్స్‌వానాలో జరిగిన పరిశీలనలో డోలుటెగ్రావిర్ వాడుతూ గర్భం దాల్చిన 426 మందిలో నలుగురి బిడ్డలకు వెన్నుపాము లోపం కనిపించింది. అప్పట్లో కలకలం రేగి, చాలా చోట్ల సంతానవయసు స్త్రీలకు ఆ మందు ఇవ్వడం ఆపేశారు. తర్వాత వేల కాన్పులు లెక్కలోకి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోయి, ఇతర మందులు వాడినవారితో సమానమైంది. ఆ మందును స్త్రీలకు కూడా మొదటి ఎంపికగా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఎఫవిరెంజ్ అనే మరో హెచ్‌ఐవీ మందుతో లోడ్ అదుపులో ఉన్నవారు కూడా గర్భం కోసమని మార్చుకోనక్కర్లేదు.

కోబిసిస్టాట్ (మరో హెచ్‌ఐవీ మందు బలం పెంచేది) కలిసిన మందు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి. గర్భం రెండో, మూడో మూడు నెలల్లో రక్తంలో ఆ మందు మోతాదు పడిపోతుంది, వైరస్ మళ్లీ లేచే ప్రమాదం ఉంది. దీర్ఘకాలం పనిచేసే హెచ్‌ఐవీ మందు కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవారూ ముందుగా మాట్లాడాలి. సూది ఆపినా ఆ మందు ఏడాది, అంతకు మించి కూడా ఒంట్లో మిగులుతుంది.

మిగతా మందుల్లో గట్టిగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బీపీకి వాడే ఎనాలాప్రిల్, లోసార్టాన్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ బిడ్డకు హాని చేస్తాయి. గర్భం రాకముందే డాక్టర్ సలహాతో మార్చాలి, సొంతంగా ఆపకూడదు. మూర్ఛకే వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ డోలుటెగ్రావిర్‌ను బలహీనపరుస్తాయి. క్షయ మందు రిఫాంపిసిన్ కూడా అంతే. అది వాడినన్నాళ్లు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కావాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) కోసం మెట్‌ఫార్మిన్ వాడేవారు, డోలుటెగ్రావిర్‌తో కలిపినప్పుడు రక్తంలో మెట్‌ఫార్మిన్ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. మామూలుగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. సంతానం కోసం వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టర్‌కు మీరు ఏఆర్‌టీ వాడుతున్న సంగతి తెలియకపోతే ఇలాంటివే దొర్లిపోతాయి.

3. ఒంటిని సిద్ధం చేసుకోవడం

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు. ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందు, వీలైతే మూడు నెలల ముందు నుంచి వేసుకుని, గర్భం పన్నెండు వారాలు నిండేవరకు కొనసాగించండి. షుగర్ ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడేవారికి, ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవారికి 5 మిల్లీగ్రాముల మోతాదు రాస్తారు. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ వాడుతుంటే, అది ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందు కాబట్టి ఎంత మోతాదు అవసరమో అడగండి. సీడీ4 తక్కువగా ఉంటే ఆ మాత్ర ఆపడం ప్రమాదం.

పరీక్షల్లో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టే, ముందే సరిచేసుకోండి. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవారికి రక్తహీనత ఆ మందు వల్లా రావచ్చు. సిఫిలిస్, క్లమీడియా, గనేరియా పరీక్షలు ఇద్దరూ చేయించుకోవాలి. ఒక్కరికే చికిత్స చేస్తే మళ్లీ అంటుకుంటుంది. హెపటైటిస్ బి ఉందని తేలితే భయపడకండి, టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ దాని మీద కూడా పనిచేస్తాయి. అందుకే అవి హఠాత్తుగా ఆగితే కాలేయం తీవ్రంగా దెబ్బతినొచ్చు. హెపటైటిస్ సి ఉంటే చికిత్స గర్భానికి ముందే ముగించుకోవడం మేలు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. 25 ఏళ్లు దాటితే, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష ఈ సమయంలోనే చేయించుకోండి. ఏదైనా తేడా కనిపిస్తే గర్భం లేనప్పుడు చికిత్స తేలిక. రుబెల్లా, ఆటలమ్మ టీకాలు జీవించి ఉన్న వైరస్‌తో చేసినవి. సీడీ4 200 కంటే తక్కువ ఉన్నవారికి ఇవ్వరు, ఇచ్చాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షయ పరీక్ష అయ్యాకే ముందుకు సాగండి.

4. గర్భనిరోధకాన్ని ఎప్పుడు ఆపాలి

లోడ్ రిపోర్టు, పరీక్షలు సరే అన్నాకే. అంతవరకూ గర్భనిరోధకం వాడటం వాయిదా కాదు, తయారీలో భాగం.

కాపర్ టీ, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ తీసేస్తే చాలామందికి కొద్ది వారాల్లో అండం విడుదల మొదలవుతుంది. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ అలా కాదు. చివరి సూది తర్వాత గర్భం రావడానికి సగటున తొమ్మిది, పది నెలలు పట్టొచ్చు. ఈ సంగతి తెలియక, నాకు ఇక పిల్లలు పుట్టరేమోనని మధనపడేవారున్నారు. కాబట్టి ఏడాదిలో బిడ్డ కావాలనుకుంటే ఇంజెక్షన్ నుంచి ముందే వేరే పద్ధతికి మారండి. ఎఫవిరెంజ్ వాడేవారిలో ఇంప్లాంట్ బలం తగ్గుతుంది, అనుకోని గర్భాలు వస్తాయి. అలాంటివారు కండోమ్ కూడా వాడాలి.

5. అనువైన రోజులు లెక్కపెట్టుకోవడం

నెలసరి మొదటి రోజును 1గా తీసుకుని ఆరు నెలలు తేదీలు రాయండి. ఆరింటిలో అతి చిన్న చక్రం నుంచి 18, అతి పెద్ద చక్రం నుంచి 11 తీసేయండి. మీ చక్రాలు 26 నుంచి 31 రోజుల మధ్య ఉన్నాయనుకుందాం. 26లో 18 పోతే 8, 31లో 11 పోతే 20. అంటే ఎనిమిదో రోజు నుంచి ఇరవయ్యో రోజు వరకు గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు. ఈ విస్తారమైన వ్యవధిలో అసలైన రోజులు ఆరే. అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు. ఆ దగ్గరి రోజులను పట్టించేది తెల్లస్రావం. గుడ్డు తెల్లసొనలా జారుడుగా, వేళ్ల మధ్య సాగేలా మారితే సమయం దగ్గరపడిందని అర్థం. మందుల దుకాణంలో దొరికే అండం విడుదల కిట్‌లో రెండో గీత ముదురుగా వస్తే ఒకటి, ఒకటిన్నర రోజుల్లో విడుదలవుతుంది. పీసీఓఎస్ ఉన్నవారికి ఈ కిట్ తప్పుగా చూపించొచ్చు.

చక్రాలు 21 రోజుల కంటే తక్కువ, 35 కంటే ఎక్కువ ఉంటే ఈ లెక్క మీద ఆధారపడకండి. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

6. ఏ పద్ధతిలో ప్రయత్నించాలి

మీ లోడ్ అదుపులో ఉంటే మామూలు కలయికే. అనువైన రోజుల్లో రోజు విడిచి రోజు సరిపోతుంది. మీ భర్తకూ హెచ్‌ఐవీ ఉంటే ఆయన లోడ్ కూడా అలాగే అదుపులో ఉండాలి. ఆయనకు లేకపోతే, ఇద్దరి మనశ్శాంతి కోసమో, మీ లోడ్ ఇంకా పూర్తిగా నిలబడలేదనిపిస్తేనో, ఆయన హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మాత్రలు వాడొచ్చు. ఆయన పరీక్ష చేయించుకుని మొదలుపెట్టాలి, ప్రయత్నించినన్నాళ్లు ఆపకూడదు.

లోడ్ అదుపులో లేనప్పుడు కలయిక లేకుండా ఇంట్లోనే వీర్యాన్ని చేర్చుకునే పద్ధతి ఉంది. అది భర్తను కాపాడుతుంది, బిడ్డను కాదు. బిడ్డకు రక్షణ మీ లోడ్ తగ్గితేనే. కాబట్టి వేచి ఉండటానికి వయసు అనుమతించని పరిస్థితుల్లో, డాక్టర్‌తో మాట్లాడాకే దీన్ని ఎంచుకోండి. చేసే తీరు ఇదీ:

శుభ్రమైన, పొడిగా ఉన్న, వెడల్పు మూతి డబ్బాలోకి వీర్యాన్ని సేకరించాలి. మామూలు కండోమ్ వాడకూడదు, అందులోని జిగురు, కొన్నింట్లో ఉండే వీర్యనాశక మందు శుక్రకణాలను దెబ్బతీస్తాయి. ఉమ్మి, నూనె, సబ్బు ఏదీ తగలకూడదు. గది వేడిలోనే ఉంచండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. చిక్కగా ఉన్న వీర్యం 15 నుంచి 30 నిమిషాల్లో పలచబడుతుంది. అప్పుడు సూది లేని 5 లేదా 10 మిల్లీలీటర్ల కొత్త సిరంజిలోకి మెల్లగా లాగండి. గాలి బుడగలుంటే సిరంజి పైకెత్తి బయటికి పంపండి. తుంటి కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుని, సిరంజిని నొప్పి లేనంత లోపలికి పెట్టి, నెమ్మదిగా నొక్కాలి. వేగంగా నొక్కితే వీర్యం వెంటనే బయటికి వచ్చేస్తుంది. తర్వాత 15 నిమిషాలు అలాగే పడుకోండి. సేకరించిన గంటలోపు మొత్తం పూర్తవ్వాలి. సిరంజి ఒక్కసారికే, మళ్లీ వాడకూడదు.

7. నెలలు గడుస్తున్నా రాకపోతే

35 ఏళ్ల లోపువారు ఏడాది, దాటినవారు ఆరు నెలలు చూడమని మామూలుగా చెబుతారు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలు వయసు ఏదైనా ఆరు నెలలకే వెళ్లడం మంచిది. ట్యూబుల సమస్య వీరిలో ఎక్కువ, ఆలస్యం ఏ రకంగానూ ఉపయోగపడదు. గతంలో సుఖవ్యాధి, క్షయ, పొత్తికడుపు ఇన్ఫెక్షన్ వచ్చినవారు అంతవరకూ కూడా ఆగొద్దు.

ముందు ఆయన వీర్యపరీక్ష, రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉన్నాక. ఆ తర్వాత మీకు థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, వచ్చే నెలసరికి వారం ముందు అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టెరోన్ పరీక్షలు, స్కానింగ్, ట్యూబులు తెరిచి ఉన్నాయో చూసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే. నెలసరి చాలా తక్కువగా వస్తుంటే, గర్భాశయ లోపలి పొరలో క్షయ ఉందేమోనని ఆ పొర ముక్క తీసి పరీక్షించమని అడగండి. ఈ క్షయకు చాలాసార్లు దగ్గు, జ్వరం ఏవీ ఉండవు, ట్యూబులను, గర్భాశయాన్ని నిశ్శబ్దంగా తినేస్తుంది.

రెండు ట్యూబులూ మూసుకుపోతే ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యాన్ని బయట కలిపి గర్భాశయంలో పెట్టే పద్ధతి) దారి ఉంది. లోడ్ అదుపులో ఉన్న స్త్రీకి హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో దాన్ని నిరాకరించడానికి వైద్యపరమైన ఆధారం లేదు. మీకు పిల్లలెందుకని ఎవరైనా నిరుత్సాహపరిచినా, గర్భం రాని ఆపరేషన్ చేయించుకోమని ఒత్తిడి చేసినా, అక్కడే సంతకం పెట్టకండి. హెచ్‌ఐవీ ఉన్న ముగ్గురు స్త్రీలకు సరైన సమ్మతి లేకుండా అలాంటి ఆపరేషన్ చేశారని 2014లో నమీబియా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బిడ్డను కనాలా వద్దా అన్నది మీ నిర్ణయం.

8. గర్భం నిలిచాక

నెలసరి తప్పిన వారంలోపు పరీక్ష చేసుకోండి, తేలగానే మీకు ఏఆర్‌టీ ఇచ్చే చోట చెప్పండి. వాంతులు మొదలవుతాయి. మాత్ర మింగిన గంటలోపు వాంతి అయితే ఇంకో మాత్ర వేసుకోండి. ఉదయం వికారం ఎక్కువైతే మాత్రను రాత్రికి మార్చుకోండి.

అందరూ పొరబడే చోటు ఇదే: ఐరన్, కాల్షియం. గర్భిణులకు రెండూ ఇస్తారు, రెండూ కడుపులో డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. నియమం ఏంటంటే, డోలుటెగ్రావిర్‌ను వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. సులువుగా ఇలా పెట్టుకోండి: ఉదయం తిన్నాక ఎనిమిదింటికి కాల్షియం, మధ్యాహ్నం ఒంటిగంటకు ఐరన్, రాత్రి తొమ్మిదింటికి టీఎల్‌డీ. గత్యంతరం లేక ఐరన్ లేదా కాల్షియంతో కలిపి వేసుకోవాల్సి వస్తే కడుపునిండా తింటూ వేసుకోవాలి, ఖాళీ కడుపున కాదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులకు ఈ మినహాయింపు లేదు. వాటికి ఎప్పుడూ దూరం పాటించాల్సిందే.

గర్భం తేలినప్పుడు ఒకసారి, 34 నుంచి 36 వారాల మధ్య మరోసారి వైరల్ లోడ్ తప్పనిసరి. ఆ రెండో రిపోర్టే కాన్పు ఎలా జరగాలో నిర్ణయిస్తుంది. 50 లోపు ఉంటే హెచ్‌ఐవీ కోసమని సిజేరియన్ అవసరం లేదు.

కాన్పయ్యాక నిద్ర లేక, పసిబిడ్డ పనిలో పడి చాలామంది మాత్రలు మరిచిపోయేది ఆ మొదటి నెలల్లోనే, పాలిచ్చేవారైతే ప్రమాదం నేరుగా బిడ్డకే. మాత్ర వేళకు ఫోన్‌లో అలారం పెట్టి, ఇంట్లో విషయం తెలిసిన మరొకరికి కూడా గుర్తుచేసే బాధ్యత అప్పగించండి. బిడ్డకు రాసిచ్చిన మందు పూర్తిగా వాడాలి. బిడ్డకు, వైరస్‌ను నేరుగా వెతికే మొదటి పీసీఆర్ పరీక్ష నాలుగు నుంచి ఆరు వారాలకు చేస్తారు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉంటాయి కాబట్టి ఆ వయసులో మామూలు యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వచ్చినా బిడ్డకు సోకినట్టు కాదు. చివరి పరీక్ష పద్దెనిమిది నెలలకు, లేదా పాలు మాన్పించాక మూడు నెలలకు, వీటిలో ఏది తర్వాత వస్తే అప్పుడు చేయించాలి.